చెరువు చేప మానేసిన పిల్లి

మా పిల్లికి పేరు లేదు. ఇంట్లో ఉండేది ఇద్దరం. పిలిస్తే ఎవర్ని పిలిచారో ఇద్దరికీ తెలుస్తుంది. పేరు పెట్టినంత మాత్రాన వస్తుందన్న హామీ కూడా లేదు. మరీ అవసరమైతే "ఏవండీ" అంటాను. మా వైపు పిల్లిని కూడా ఏకవచనంతో పిలవడానికి నోరు రాదు.

నేను ఏలూరులో ఒక మేడమీద పోర్షన్‌లో ఉంటాను. తాడేపల్లిగూడెంలో ఒక డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. పొద్దున పాసింజరు ఎక్కుతాను, సాయంత్రం పాసింజరు దిగుతాను. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళు కూడా ఈ మధ్య బాగా తగ్గిపోయారు. కింది వాటా ఖాళీగా ఉంది. అందువల్ల సాయంత్రం నేను గేటు తీసిన చప్పుడు వినేది మా పిల్లి ఒక్కటే. మెట్లెక్కి తాళంచెవి పెట్టేసరికి తలుపు అవతల నిలబడి అరిచేది. రైలు ఆలస్యమైతే ఇంకాస్త గట్టిగా అరిచేది. నా రాకపోకల మీద రోజు మొత్తంలో ఎవరైనా అభిప్రాయం చెప్పేది అప్పుడే.

ఆ మధ్య అది అరవడం మానేసింది. తలుపు తీస్తే ఎదురుగా ఉండేది కాదు. మంచం కింద, గోడ వైపు ముడుచుకుని ఉండేది. వయసు మీద పడుతోంది కదా, గాంభీర్యం వచ్చిందనుకున్నాను. నాకూ అలాగే వచ్చింది.

తర్వాత చేప మానేసింది.

ఇక్కడ మా ప్రాంతం గురించి కొంచెం చెప్పాలి. కొల్లేటి చుట్టుపక్కల పుట్టినవాడు ఎంత చదివినా చదవకపోయినా, నోట్లో ముక్క పెట్టుకోగానే అది కొల్లేటి చేపో చెరువు చేపో చెప్పగలగాలి. చెరువుల్లో మేతగా తవుడు వేస్తారు కనుక ఆ చేపకి తవుడు వాసన వస్తుందంటారు. విందు భోజనాల్లో పెద్దవాళ్ళు కళ్ళు మూసుకుని నమిలి, తీర్పు చెప్పి, మళ్ళీ వడ్డించమంటారు. నిజానికి ఆ తేడా నాకు ఎప్పుడూ తెలియలేదు. తెలిసినట్టు తల ఊపడం మాత్రం చిన్నప్పుడే నేర్చుకున్నాను.

మా పిల్లి గిన్నె దగ్గరికి పరుగెత్తుకొచ్చేది. చెరువులో పెంచిన బొచ్చె చేప ముక్క వాసన చూసేది. నోట్లో పెట్టుకుని, తల ఒక పక్కకి వంచి, కిందపడేసి, ఒకడుగు వెనక్కి వేసేది. ముందుకాలితో మూతి తుడుచుకునేది. అచ్చం మా పెద్దనాన్నగారు చెరువు చేపని తిరస్కరించే పద్ధతి. నాకు రాని విద్య నా పిల్లికి వచ్చిందని లోపల్లోపల కాస్త గర్వపడ్డాను కూడా.

మా వీధి మొదట్లో ఒకామె చేపల తట్ట పెట్టుకుని కూర్చుంటుంది. కొల్లేటి ఒడ్డు ఊరి నుంచి పొద్దున్నే ఆటోలో వస్తుంది. నా వయసే ఉంటుంది. వస్తున్నానని ముందుగా ఫోన్ చేస్తే నా చేప పక్కన పెడుతుంది.

"బొచ్చె తినట్లేదమ్మా," అన్నాను.

"ఎవరండి, మీరా?"

"పిల్లి."

"ఓహో. మరి దానికేం పెడతారండి?"

"కొల్లేటి కొర్రమీను ఉందా?"

"నా మనవలకి కూడా పెట్టట్లేదండి మాస్టారూ," అంటూనే తట్టలోంచి తీసింది.

కొర్రమీనుని ముల్లుతో సహా పడేయడానికి మనసొప్పలేదు. ఉడకబెట్టి, ముల్లు ఏరి, వేళ్ళతో చిదిపి పెట్టాను. తిన్నది. నెమ్మదిగానే అయినా తిన్నది. నా సిద్ధాంతం రుజువైంది. క్లాసులో కూడా చెప్పాను: వినియోగదారుడి అభిరుచి మారితే గిరాకీ ఎలా మారుతుందో. ఉదాహరణ ఎవరో చెప్పలేదు. పిల్లలు రాసుకున్నారు.

ఆ వారమే ఒక సాయంత్రం తలుపు తీస్తే మంచం కింద కూడా కనిపించలేదు. బాత్రూంలో బకెట్ వెనక ఉంది. వీపు మీద బొచ్చు అట్టలు కట్టి ఉంది. గడ్డం కింద తడి. పొద్దున పెట్టిన కొర్రమీను గిన్నెలో అలాగే ఉంది. చెంప నిమరబోయాను. నా చెయ్యి కరిచింది. ఇన్నేళ్ళలో కరవడం అదే మొదలు. కరిచాక నా కంటే అదే ఎక్కువ నొచ్చుకున్నట్టు కనిపించింది.

అభిరుచికి సంబంధించిన విషయం కాదని అప్పుడు అర్థమైంది.

ఊళ్ళో కుక్కలకీ పిల్లులకీ ఒక క్లినిక్ ఉంది. బుట్టలో పెట్టి, పైన తువ్వాలు కప్పి తీసుకెళ్ళాను. పక్క కుర్చీలో ఒకావిడ తెల్లటి బొచ్చుకుక్కని ఒళ్ళో పెట్టుకుని ఉంది.

"మీది ఏం బ్రీడండి?" అని అడిగింది.

"పెదపాడండి," అన్నాను. ఆ ఊళ్ళో మా పెద్దమ్మగారింటి నుంచి గోనెసంచిలో తెచ్చిన పిల్లి అది. ఆవిడ "బాగుందండి" అని ఊరుకుంది.

డాక్టరు చిన్న వయసు అమ్మాయి. బుట్ట మీది తువ్వాలు తీస్తూ అడిగింది.

"తినడం ఎప్పట్నుంచి తగ్గిందండి?"

"తగ్గలేదండి. చెరువు చేప మానేసింది. కొల్లేటి కొర్రమీను అయితే మొన్నటిదాకా తిన్నది."

"కొర్రమీను ఎలా పెట్టారు?"

"ఉడకబెట్టి, ముల్లు తీసి, చిదిపి."

"అంటే మెత్తగా ఉంటే తింటోందన్నమాట."

ఆ ఒక్క మాటతో నా సిద్ధాంతం అయిపోయింది. ఆమె గమనించలేదు, అడుగుతూ పోయింది. ఒళ్ళు నాక్కోవడం మానేసిందా? ముందుకాలితో మూతి రుద్దుకుంటోందా? మూల్లోకి వెళ్ళి కూర్చుంటోందా? నోరు వాసన వస్తోందా?

"చేపలు తినేవాళ్ళ నోరు ఇంకెలా ఉంటుందండి," అన్నాను. డాక్టరు దాని పెదవి పైకెత్తి నాకు చూపించింది. చిగుళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి. వెనక దవడ పళ్ళు పుచ్చిపోయి ఉన్నాయి. అది ముక్క కింద పడేసిన ప్రతిసారీ నేను తల ఊపుతూ మెచ్చుకున్నాను.

"పిల్లులు నొప్పి బయటపడనివ్వవండి. కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ పోతాయి. ఆట తగ్గిస్తాయి, ఎదురు రావడం మానేస్తాయి. మీ ఇంట్లో ఇంకెవరూ గమనించలేదా?"

"ఇంట్లో ఇంకెవరూ అంటే, అదేనండి," అన్నాను, బుట్ట వైపు చూపిస్తూ.

రక్తపరీక్ష చేసింది. పళ్ళు తీసేయాలంది. పెద్ద వయసు పిల్లి కాబట్టి మత్తు నుంచి తేరుకోవడం కష్టం కావచ్చు, జాగ్రత్తగానే చేస్తాను కానీ మాట ఇవ్వలేనంది. తీయకపోతే ఆకలితోనే పోతుందని కూడా చెప్పింది. సరేనన్నాను.

ఆపరేషన్ రోజు నాకు పరీక్షల డ్యూటీ. మా కాలేజీలో ఎవరి పెళ్ళికైనా సెలవిస్తారు. పిల్లి పళ్ళకి అడిగే ధైర్యం నాకు లేకపోయింది. హాల్లో ఫోన్లు ఉండకూడదు. పొద్దున్నే పిల్లిని అప్పగిస్తూ ఆ సంగతి చెబితే క్లినిక్‌లో డాక్టరు, "ఇంకెవరిదైనా నంబరివ్వండి, అవసరమైతే చేస్తాం," అంది.

ఫోన్ తీసి చూశాను. పేర్లు చాలానే ఉన్నాయి. వేలు కిందికి జరుపుతూ పోయాను. ఒక్కో పేరు దగ్గరా ఈ విషయం ఎక్కణ్ణుంచి మొదలుపెట్టి చెప్పాలో ఆలోచించాను. పిల్లి ఉందని తెలిసిన మనిషి అందులో ఒక్కరే. చివరికి ఆ నంబరే ఇచ్చాను.

హాల్లో మూడు గంటలు నడిచాను. నిశ్శబ్దంగా ఉండండని పిల్లలకి చెప్పడం తప్ప నాకక్కడ వేరే పని లేదు. వాళ్ళు అలాగే ఉన్నారు కూడా. బయటికొచ్చి ఫోన్ చూస్తే క్లినిక్ నుంచి వరసగా మిస్డ్ కాల్స్. తిరిగి చేస్తే ఎత్తలేదు. రైలెక్కాక మళ్ళీ చేశాను. ఎత్తలేదు.

భీమడోలు దాటాక పాసింజరుని ఆపేశారు, ఎక్స్‌ప్రెస్ ఏదో పోవాలని. కిటికీలోంచి చేపల చెరువులు కనిపిస్తున్నాయి. చేపలకి గాలి అందించే చక్రాలు నీళ్ళ మీద తిరుగుతున్నాయి. తాళం తీసి లోపలికి వెళ్ళడం గురించి ఆలోచించాను. గిన్నె ఎక్కడ పెట్టాలి, బుట్ట ఎక్కడ పెట్టాలి అని. ఏ ఊరని ఎదుటి సీటాయన అడిగితే ఒక్క క్షణం గుర్తు రాలేదు.

క్లినిక్‌కి వెళ్ళేసరికి ముందు గదిలో చేపలామె కూర్చుని ఉంది. పక్కన తట్ట. బొచ్చుకుక్కావిడ ఉండుంటే లేచి వెళ్ళిపోయేది.

"రండి మాస్టారూ. మీ కోసమే ఊరికెళ్ళే ఆటో వదిలేసుకున్నాను."

"ఏమైందమ్మా?"

"డాక్టరమ్మ ఫోన్ చేసి, మీరు పిల్లి తాలూకా మనిషేనా అందండి. ఆయ్, అన్నాను. ఏం చేస్తాను? మత్తు దిగట్లేదు, తల ఎత్తట్లేదు అంది. మీరేమో ఫోన్ ఎత్తరాయె. సరేలే అని వచ్చాను. పక్కన కూర్చున్నాను. కాసేపటికి తల ఎత్తి నా తట్ట వైపు చూసిందండి. నా చేప వాసన అలాంటిది."

లోపల్నుంచి డాక్టరు, "మత్తు దిగే సమయానికే దిగిందండి," అంది, కొంచెం అలసటగా.

"అలాగేలెండి," అంది చేపలామె. నా వైపు తిరిగి గొంతు తగ్గించింది. "మీకెవరూ లేరేంటండి, నా నంబరిచ్చారు?"

"ఉన్నారమ్మా. ఫోన్ ఎత్తరేమోనని."

"నేనెత్తానుగా."

నేను లోపలికెళ్ళాను. పిల్లి పక్కకి పడుకుని ఉంది. నాలిక చివర బయటికి వచ్చి ఉంది. ఏవండీ, అన్నాను. ఒక చెవి ఇటు తిప్పింది.

పుళ్ళు మానాక అది బొచ్చె తింటోంది. శీలావతి చేప కూడా తింటోంది. తవుడు వాసన గురించి ఏ ఫిర్యాదూ లేదు. అన్నీ చిదిపి పెట్టాలి, అంతే. ఒళ్ళు నాక్కోవడం మళ్ళీ మొదలుపెట్టింది. సాయంత్రం తాళంచెవి పెట్టగానే తలుపు అవతల అరుస్తోంది. తలుపు తీయడం నేను కాస్త ఆలస్యం చేస్తున్నాను.

మొన్న పొద్దున చేపలామె దగ్గర ఆగాను. పిల్లి కోసం చిన్నది ఒకటి చాలన్నాను. ఆవిడ పొలుసు గీకుతూ, తల ఎత్తకుండానే అడిగింది.

"అది తింటోందన్నారు. మరి మీరు తింటున్నారా మాస్టారూ? చొక్కా వదులైందండి. ముందు ఇక్కడ నిలబడి ఏదో ఒకటి అనేవారు. ఈ మధ్య తీసుకుని వెళ్ళిపోతున్నారు."

"మెత్తగా ఉంటే తింటున్నానమ్మా," అన్నాను.

ఆవిడ తట్టలోంచి ఇంకో చేప తీసి, పెద్దది, పొలుసు గీకడం మొదలుపెట్టింది.