నాకంటే ముందు కోలుకున్న ఆమె

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పేదాన్ని. ఒక ఏడాది పిల్లలు నా పాఠం అర్థం కావట్లేదన్నారని నా బ్యాచ్‌ని కొత్తగా చేరిన ఒకాయనకు ఇచ్చారు. ఉద్యోగం పోలేదు, నేనే వెళ్ళడం మానేశాను. వనస్థలిపురంలో మా ఇంట్లో తలుపేసుకుని పడుకునేదాన్ని. స్నానం కూడా ఎందుకులే అనిపించేది. చూసి చూసి మా అక్క ఎల్బీనగర్‌లో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన డిప్రెషన్ అన్నారు. మందులు రాసి, శనివారాలు అక్కడే జరిగే గ్రూపులో కూర్చోమన్నారు.

ఆమెను అక్కడే చూశాను. హయత్‌నగర్‌లో బ్లౌజులు కుడుతుంది, సొంతూరు నల్గొండ వైపు. మొదటి వారం తలెత్తలేదు. పేరడిగితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నిజం చెప్పొద్దూ, నాకు ప్రాణం లేచొచ్చింది. నాకంటే అధ్వాన్నంగా ఒకరున్నారు!

గ్రూపు నడిపే కౌన్సిలర్ మేడమ్ ఒకటే చెప్పేవారు. 'నేనెందుకూ పనికిరాను' అన్న మాట మనసులో లేస్తే నమ్మేయకండి, నిజమో కాదో ఒక చిన్న పని చేసి చూడండి అని. నన్ను మళ్ళీ పాఠం చెప్పి చూడమన్నారు. ఆమెను పదిమందిలోకి వెళ్ళి చూడమన్నారు. నేను వారం వారం 'సారీ మేడమ్' అంటూ ఏదో వంక చెప్పాను. ఆమె ఆడపడుచు కూతురి పెళ్ళికి వెళ్ళొచ్చింది.

"అందరు నన్నే జూస్తరనుకున్న మేడం. ఎవ్వరు జూడలే. అందరు బిర్యానీనే జూస్తున్నరు."

అందరూ నవ్వి చప్పట్లు కొట్టారు. నేనూ వేళ్ళ చివర్లతో కొట్టాను. కడుపు మండిపోయింది. చదువులో వెనకే, ఉద్యోగంలో వెనకే. ఆఖరికి జబ్బు తగ్గించుకోవడంలో కూడానా? ఆ రాత్రి అన్నం మానేశాను.

ఆ తర్వాత మేడమ్ ఆమెను మెచ్చుకున్నప్పుడల్లా గోడ వైపు చూసేదాన్ని. ఒక శనివారం, "మీరేంటి, మాట్లాడట్లేదు?" అని మేడమ్ అడిగితే నోరు జారింది.

"ఈవిడ బాగుపడుతుంటే చూడలేకపోతున్నానండి. కుళ్ళుగా ఉంది నాకు."

ఆమె నావైపు తిరిగింది. ఏడుస్తుందనుకున్నాను. ముఖం వెలిగిపోయింది.

"నన్ను జూసి కుళ్ళుకుంటున్నవా అక్కా? లెక్కలు జెప్పేదానివి, నువ్వా? నిజంగనా? నన్ను జూసి గింతవరకు ఎవ్వరు కుళ్ళుకోలే!"

నా ఓర్వలేనితనం కూడా ఆమెకే మందైంది. ఇంకా మండింది. కానీ ఆమె అంత సంతోషంగా నా చెయ్యి పట్టుకుని ఊపుతుంటే నవ్వు ఆపుకోలేకపోయాను. ఎన్ని నెలలైందో నవ్వి!

"సారీ అనకుండా ఒక మాట చెప్పడం మీరు ఇవాళే మొదలుపెట్టారు," అన్నారు మేడమ్.

సోమవారం సెంటర్‌కి వెళ్ళి ఒక క్లాసు అడిగాను. బోర్డు మీద మైనస్ బదులు ప్లస్ వేశాను. వెనక బెంచీలో అమ్మాయి, "మేడమ్, సైన్ తప్పు," అంది. చెవులు వేడెక్కాయి. చెరిపి సరిచేశాను. పిల్లలు రాసుకున్నారు, పాఠం ముందుకు సాగింది. అలా ఒక్కొక్క క్లాసూ పెరిగి, మళ్ళీ నాకంటూ ఒక బ్యాచ్ వచ్చింది.

ఈమధ్యే ఆమె గ్రూపుకి రావడం ఆపేసింది. డాక్టరుగారు ఇక అవసరం లేదన్నారట. నన్నింకా రమ్మంటున్నారు. ఆ మాట విన్నప్పుడు మళ్ళీ కుళ్ళుకున్నాను. కాకపోతే ఆ రోజు అన్నం మానలేదు.