మూడు ఖాళీ ఫ్రీజర్లు

లారీ దిగగానే బూటు చీలమండ దాకా బురదలో దిగబడింది. జూన్ నెల. న్యూజిలాండ్‌లో అది చలికాలం. దక్షిణపు గాలి, మంచు కలిసిన వాన. ఇన్వర్‌కార్గిల్‌కి మూడు గంటల దూరంలో, ఏరు సముద్రంలో కలిసే చోట చిన్న ఊరు. ఏరు పొంగి రోడ్డు రెండు చోట్ల కొట్టుకుపోయింది. మేం కొండ మీది అడవి దారిన వచ్చాం. ఊళ్లో కరెంటు లేదు. మాకిచ్చిన ఆర్డరు నాలుగే ముక్కలు. నీళ్లు అందించు. ఇసుక బస్తాలు వెయ్యి. ముసలివాళ్లని చూడు. ఎవరితోనూ గొడవ పడకు. నాలుగోది నాకోసమే చేర్చారన్నాడు మా సార్జెంటు.

అప్పట్లో నేను ఇక్కడి ఆర్మీలో డ్రైవర్ని. గుంటూరు నుంచి ఇన్వర్‌కార్గిల్‌కి చదువుకోడానికి వచ్చి, సిటిజన్‌షిప్ రాగానే యూనిఫాం వేసుకున్నవాణ్ణి. ఇప్పుడు మానేసి ఆక్లాండ్ పక్కన పాపకూరలో సెటిల్ అయ్యాను. మనవాళ్ల ఫంక్షన్లలో ఇప్పటికీ అడుగుతారు, న్యూజిలాండ్ ఆర్మీలో ఏం యుద్ధం చేశావోయ్, గొర్రెలతోనా అని. ప్లేట్లో సగం బిర్యానీ వదిలేసి మరీ నవ్వుతారు. ఇది వాళ్ల కోసమే చెబుతున్నాను.

మొదటి రోజు మధ్యాహ్నం దాకా బస్తాలు మోశాం. మా రేషన్ ప్యాకెట్లు చల్లబడి అట్టముక్కల్లా ఉన్నాయి. ఊరు మాత్రం అంత బురదలోనూ ముచ్చటగా ఉంది. ఒకటే వీధి, రంగులేసిన చెక్క ఇళ్లు, కిటికీల్లో పూలకుండీలు. వీధి చివర ఒక కేఫ్ గొట్టంలోంచి పొగ వస్తోంది. ఉల్లిపాయలు వేగుతున్న వాసన. ఆ వాసనకి ఇంక నా కాళ్లు ఆగలేదు.

లోపల ఆరు బల్లలు. టీ కెటిళ్లకి ఊలుతో అల్లిన తొడుగులు. మూల పెద్ద కట్టెల పొయ్యి, దాని ముందు డెబ్భై ఏళ్ల ఆవిడ, ఈ దేశపు మూలవాసులైన మావోరీల మనిషి. ఊరంతా ఆవిణ్ణి ఆంటీ అనే పిలుస్తారు. అచ్చం మన పిలుపే. విని ప్రాణం లేచొచ్చింది.

కూర్చుంటూ టోపీ తీసి బల్ల మీద పెట్టాను. ఆంటీ వచ్చి ఆ టోపీని మేకుకి తగిలించి, బల్ల తుడిచి, అప్పుడు చెప్పింది. తలకి పెట్టుకున్నది తిండి పెట్టే చోట పెట్టకూడదట. వంటింటి గుడ్డలు ఒంటి బట్టలతో కలిపి ఉతకకూడదట. మడి కట్టుకున్న మా నాయనమ్మ ఇక్కడికెలా వచ్చిందిరా బాబూ అనుకున్నాను. ఎముకల పులుసు పెట్టింది. అందులో ఏటి ఒడ్డున మొలిచే ఆకుకూర, పిండి ఉండలు. వద్దు వద్దంటుంటే మూడుసార్లు వడ్డించింది. ఈ దేశం వచ్చాక, వద్దన్నా మళ్లీ పెట్టిన మొదటి మనిషి ఆవిడే. ఇక్కడ వద్దంటే గిన్నె అవతలికి వెళ్లిపోతుంది. నేను సిగ్గుపడి వద్దని, ఎన్ని ఇళ్లల్లో ఆకలితో లేచానో నాకే తెలుసు.

రోడ్డు పనివాళ్లు, చిక్కుకుపోయిన టూరిస్టులు, మేము, అందరం అక్కడే తిన్నాం. ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు.

వెనక వసారాలో మూడు పెద్ద ఫ్రీజర్లున్నాయి. దుప్పట్లు కప్పి, మూతలు బిగించి ఉంచింది. ఆంటీ భర్త పోయి అప్పటికి ఏడాది కావస్తోంది. వాళ్ల ఆనవాయితీ ప్రకారం ఏడాదికి సమాధి రాయి మీద కప్పిన గుడ్డ తీస్తారు. వచ్చినవాళ్లందరికీ భోజనం పెడతారు. ఆ భోజనం కోసం చుట్టాలు ఏడాది పొడుగునా తెచ్చిచ్చిన మాంసం, ఈల్ చేపలు, సముద్రపక్షులు ఆ ఫ్రీజర్లలో ఉన్నాయి. వచ్చే నెలలోనే ఆ రోజు. మన సంవత్సరీకమే అనుకోండి.

రెండో రోజు హెలికాప్టర్లో సహాయక పనుల అధికారి దిగాడు. మెరిసే పసుప్పచ్చ జాకెట్, మీద ఒక్క బురద చుక్క లేదు. మేం అతనికి జాకెట్ అనే పేరు పెట్టుకున్నాం. ఆంటీ దగ్గరే కూర్చుని రెండు ప్లేట్లు తిన్నాడు. మూతి తుడుచుకుని బాగుందన్నాడు. వెళ్తూ వెళ్తూ వసారాలోకి తొంగి చూశాడు.

మూడో రోజు పొద్దున ఆర్డరు వచ్చింది. కరెంటు లేని ఫ్రీజర్లలో ఉన్న తిండి మొత్తం సాయంత్రం నాలుగింటికి ఎత్తి గుంటలో పూడ్చాలి. ఆ కేఫ్‌తోనే మొదలుపెట్టాలి. ఎత్తుకెళ్లాల్సిన లారీ నాది.

తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే. నాకు ఒళ్లు మండిపోయింది. మా ఆర్మీ వంటవాడు వెళ్లి మాంసంలో థర్మామీటర్ గుచ్చబోతే దిగలేదు. లోపల ఇంకా రాయిలా గడ్డకట్టే ఉంది. బయటి చలి కూడా ఫ్రీజర్‌కి తీసిపోలేదు మరి. ఆ మాటే జాకెట్‌కి చెబితే, నియమం నియమమేనని తల తిప్పుకున్నాడు. వచ్చి చూడమన్నా రాలేదు. నిన్న తిన్నప్పుడు ఆ నియమం ఎక్కడికి పోయింది?

ఆ తిండి దేనికోసం దాచిందో సార్జెంటుకి నేనే చెప్పాను. అతను మాటలు తక్కువ మనిషి, రైతుబిడ్డ. రేడియోలో బేస్‌ని అడిగాడు.

"ఆర్డరు మారదు. నాలుగింటికి. ఓవర్."

"అర్థమైంది. నాలుగింటికి. అవుట్."

రేడియో పెట్టేసి వాచీ చూసుకున్నాడు. పది. వంటవాడి వైపు తిరిగాడు.

"ఆరు గంటల్లో ఎంత వండగలవు?"

"ఆవిడ పొయ్యి కూడా ఇస్తే, అంతా."

ముందు ఆవిణ్ణి అడగాలి. టోపీ మేకుకి తగిలించి వెళ్లాను. ఆర్డరు సంగతీ, నాలుగింటిలోగా అంతా వండి ఊరికి పెట్టేద్దామన్న మాటా చెప్పాను. ఆంటీ ఒక ఫ్రీజర్ మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడింది. ఏడాదిపాటు కూడబెట్టిన ఆయన భోజనం అది. అటు గుంట, ఇటు ఆకలితో ఉన్న ఊరు. ఎవరికైనా ఏం చెబుతాం? నాకు తెలిసిందే చెప్పాను.

"మా వైపు కూడా ఏడాదికి భోజనం పెడతాం ఆంటీ. ఆయన పేరు చెప్పి ఎవరు తిన్నా ఆయనకి చేరినట్టే అంటారు."

 ఆంటీ ఫ్రీజర్ మీది దుప్పటి లాగేసింది.

"రాయి ఇంకో ఏడాది ఆగుతుందిలే. ఆయనెప్పుడూ భోజనానికి ఆలస్యంగానే వచ్చేవాడు."

అంతే. రోడ్డు మీద మా పొయ్యిలు వెలిగించాం. ఆంటీ చెబుతుంటే మా వంటవాడు చేశాడు. నేను ఉల్లిపాయలు తరిగి, ఇల్లిల్లూ తిరిగి ముసలివాళ్లని లారీలో తెచ్చాను. వాన ఆగింది. తినేముందు ఆంటీ ఆయన పేరు చెప్పి ప్రార్థన చేసింది. ఊరంతా తల వంచుకుని నిలబడింది. తరవాత ఊరంతా కడుపునిండా తింది. వద్దన్నవాళ్లకి నేను వడ్డించాను, మూడేసి సార్లు.

నాలుగింటికి జాకెట్ వచ్చాడు. మీరు చెప్పినట్టే ఖాళీ అయ్యాయి సర్ అన్నాడు సార్జెంటు. జాకెట్ మొహం మాడ్చుకుని, కేఫ్ తలుపు మీద మూసివేత అని ఎర్ర కాగితం అంటించి పోయాడు. క్రిస్‌మస్ దాకా ఆ తలుపు తెరవనివ్వలేదట. ఎవరికీ కడుపునొప్పయినా రాలేదు, అయినా సరే. వారం తరవాత క్యాంపులో టీవీ చూస్తుంటే జాకెట్ కనబడ్డాడు. ఊరికంతటికీ తామే తిండి పెట్టామని చెబుతున్నాడు. ఆంటీ పేరు లేదు. సిగ్గుండాలి మనిషికి. నా చేతిలో టీ కప్పు ఉంది. సార్జెంటు ముందే నా చెయ్యి పట్టుకున్నాడు కాబట్టి టీవీ బతికిపోయింది.

ఇప్పుడు ఫంక్షన్లలో ఎవరైనా సగం ప్లేటు బుట్టలో వేస్తూ ఏం యుద్ధం చేశావని అడిగితే, మూడు ఫ్రీజర్లు ఖాళీ చేశామని చెబుతాను. వాళ్లకి అర్థం కాదు. మేం ఊరు వదిలిన పొద్దున, లారీ మలుపు తిరుగుతుంటే అద్దంలో ఆంటీ పెరడు కనబడింది. మూడు ఫ్రీజర్లు కడిగి, మూతలు పైకెత్తి, ఎండలో పెట్టి ఉన్నాయి. వాటి పక్కన తాడు మీద, ఒంటి బట్టలకి దూరంగా, వంటింటి గుడ్డలు ఆరేస్తోంది ఆంటీ.