మెట్ల మీది ట్రంపెట్

మొన్న ఆదివారం పుణె నుంచి నువ్వు ఫోనులో పంపిన బాజా విన్నాను తల్లీ. తమ్ముడు కూడా నీ పక్కనే ఉన్నాడన్నావు కదా, ఇద్దరికీ కలిపే చెబుతున్నాను. పద్దెనిమిది మంది కలిసి వాయించిన జాజ్ అట. తలా ఒక దారి పట్టి పోతున్నట్టే పోయి, ఇక వీళ్ళు కలవరేమో అని మనం బెంగపడే సమయానికి అందరూ ఒక మలుపు దగ్గర కలుసుకుంటున్నారు. నాకు అర్థం కాదేమో, ఊరికే వినమని రాశావు. సగం వినేసరికి పొయ్యి ఆపేసి, వంటగది గడప మీద కూర్చుండిపోయాను.

మీ తాత బ్యాండు మాస్టరని మీకు తెలుసు. ఇంట్లో పాట పెట్టనిచ్చేవారు కాదనీ తెలుసు. ఎందుకన్నది మీ నాన్నకు కూడా తెలియదు.

మేము అప్పుడు లాల్‌దర్వాజా గుడి వెనక సందులో అద్దెకుండేవాళ్ళం. ముందు గది గోడల నిండా మేకులు, మేకులకు బాజాలు. నేను ఆ గదిలోనే కుట్టుమిషను పెట్టుకుని బ్యాండు వాళ్ళ ఎర్ర కోట్లు కుట్టేదాన్ని. మీ తాత పెళ్ళికి ముందు సికింద్రాబాదులో ఒక క్లబ్బులో, ఒక గోవా ముసలాయన దగ్గర క్లారినెట్ వాయించేవారు. ఆ ముసలాయన ఊరు వెళ్ళిపోతూ తన దగ్గరున్న పెద్ద జాజ్ బ్యాండ్ల రికార్డులు రెండు ఈయన చేతిలో పెట్టి పోయాడట. అవి అరిగి బరబరలాడేదాకా విన్నారు. అందులో వాళ్ళూ పద్దెనిమిది మందే, మన బ్యాండులోనూ పద్దెనిమిది మందే, మరి మనమెందుకు అట్లా వాయించకూడదన్న పురుగు తలలో దూరింది.

రెండేళ్ళు కష్టపడి, బ్యాండంతా వాయించేందుకు సొంతంగా ఒక బాజా కట్టారు. మొదలు మన పాతబస్తీ మర్ఫా డప్పుల దెబ్బ, దాని మీద ఒక్కొక్క బాజా వచ్చి చేరడం, తర్వాత అందరూ విడిపోవడం, చివరికి మీ తాత చెయ్యి దించగానే ఒక్క దెబ్బన ఆగిపోవడం. బ్యాండు వాళ్ళెవరికీ రాసిన సంగీతం చదవడం రాదు, నోటితో పాడి నేర్పించాల్సిందే. డోలు కొట్టే ముసలాయన "ఉస్తాద్, గిది బరాతా, జగడమా?" అని నవ్వించేవాడు. ఒకసారి నిజంగానే ఒక బరాత్‌లో వాయిస్తే, పెళ్ళికూతురి తండ్రి పరుగెత్తుకొచ్చి "ఏంది మాస్టర్ గీ లొల్లి? మంచిగ సినిమా పాట కొట్టున్రి" అని అందరి ముందూ చీవాట్లు పెట్టాడు. ఆ రోజు నుంచి మీ తాతకు ఒకటే పట్టుదల, వీధిలో వద్దన్నదాన్ని రికార్డు చేయించి పెట్టాలని.

ఆ బాజాకు ప్రాణం మా మరిది ట్రంపెట్. మీ తాతకు తమ్ముడు, నాకు కన్నబిడ్డలాంటివాడు. పెళ్ళి కాలేదు, మా ఇంట్లోనే తిని మా ఇంట్లోనే పడుకునేవాడు. రికార్డుకు తయారవుతున్న ఆ ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం మిషను దగ్గరకొచ్చి, చేతిరుమాలు విప్పి చూపించాడు. రక్తం. దవాఖానలో ఊపిరితిత్తులు పాడయ్యాయన్నారట, ఇక బాజా ఊదొద్దన్నారట.

"రికార్డు అయ్యేదాంక అన్నకు చెప్పకు వదినా. చెప్తే నన్ను ముట్టనియ్యడు. నేను లేకుంటే గా బాజా బాజానే కాదు."

చెప్పనని వాడి తల మీద చెయ్యి పెట్టాను. ఈ ఒక్క మాట ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు మీకే చెబుతున్నాను.

రికార్డింగు గది అఫ్జల్‌గంజ్‌లో ఒక కొట్టు మీద, రెండో అంతస్తులో ఉండేది. నడుస్తూ తప్ప ఎప్పుడూ వాయించని మనుషులను కుర్చీల్లో కూర్చోబెడితే ఒక్కరికీ తాళం కుదరలేదు. నిలబడి అడుగులు వేస్తేనే చేతులు సాగుతాయి, అడుగులు వేస్తే బూట్ల చప్పుడంతా టేపులోకి పోతోంది. చివరికి బూట్లు విప్పించి, నేను ఆటోలో తెచ్చిన బొంతలు నేలంతా పరిచి, వాటి మీద ఉన్నచోటే నడుస్తూ వాయించారు. ఉన్నది ఒక్కటే మైకు. మెల్లగా పలికే బాజా దగ్గర, గట్టిగా పలికేది దూరం. అందరికంటే గట్టిది మా మరిది ట్రంపెట్, అందుకని వాడిని తలుపు బయట, మెట్ల మీద నిలబెట్టారు.

"గింత దూరమా అన్నా? కిందికి దిగి బస్సెక్కుమంటవా ఏంది?"

"నీ గొంతు గట్లనే ఉంటది తమ్మీ, బస్సులకెల్లి ఊదినా ఇనొస్తది" అన్నారు మీ తాత. అందరూ నవ్వారు. నేను నీళ్ళ చెంబు పట్టుకుని వాడి కింది మెట్టు మీద కూర్చున్నాను.

రెండుసార్లు మధ్యలోనే చెడిపోయింది. మూడోసారి చివరిదాకా పోయింది. నేను సంగీతం తెలిసినదాన్ని కాదు గానీ, ఆ మెట్ల మీద చేతిలో చెంబుందన్న సంగతే మరిచిపోయాను. లోపల మీ తాత చెయ్యి దించారు, అందరూ ఆగారు. మెట్ల మీద ఉన్నవాడికి ఆ చెయ్యి కనబడదు కదా, వాడు ఆగలేదు. ఒక్కడే, ఆ పై స్వరాన్ని పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. చివరికి వాడి ఊపిరే అయిపోయి, స్వరం సన్నబడి తెగింది. గోడకు ఆనుకుని రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

మీ తాత తలుపులోంచి తొంగిచూసి, బాగా వచ్చింది గానీ చివర చెడింది, ఇంకోసారి కొడదామన్నారు. మా మరిది నా వంక చూశాడు. నేనే లేచి, అందరూ అలిసిపోయారు, ఇక చాలన్నాను. నా మాట ఎన్నడూ తీసెయ్యని మనిషి, సరేనన్నారు. రికార్డింగాయన "అయితే గా తోక కోసేద్దమా మాస్టర్?" అని అడిగాడు. "కొయ్యి భాయ్" అన్నారు. ఆయన బ్లేడుతో టేపు కోసి, ముక్కను కాళ్ళ దగ్గర డబ్బాలో వేశాడు. అప్పుడైనా నేను నోరు విప్పి ఉంటే ఆ బ్లేడు ఆగేది. మాటిచ్చానని ఊరుకున్నాను.

"నా తోకనే దొరికిందా వదినా కొయ్యనీకి?" అంటూ మెట్లు దిగాడు, ఒక్కో మెట్టు దగ్గర ఆగుతూ.

ఇరవై రోజులు కూడా ఉండలేదు. బ్యాండంతా ఎర్ర కోట్లు వేసుకుని ఆ బాజానే వాయిస్తూ వాడిని తీసుకుపోయింది, ట్రంపెట్ రావలసినచోట డోలు ఒక్కటే మోగింది. పదకొండోనాడు మీ తాత ఆ కోసిన ముక్క కోసం అఫ్జల్‌గంజ్ వెళ్ళారు. ఆ డబ్బా ఎప్పుడో ఖాళీ చేశారట. గది మూలల్లో ఊడ్చి, దొరికిన టేపు ముక్కలన్నీ జేబులో వేసుకొచ్చి, మర్నాడు మళ్ళీ అక్కడికే తీసుకుపోయి అతికించి వినిపించమన్నారు. ఒకదాంట్లో ఎవరిదో భజన, ఒకదాంట్లో సబ్బు ప్రకటన, ఒకదాంట్లో ఎవరో ఆడమనిషి నవ్వు. అంతే. ఇంటికొచ్చి "ఒక్క మాట చెప్తే ఏం పోయేది వానికి?" అన్నారు. ఆ రోజు నుంచే ఇంట్లో పాట పెట్టనివ్వలేదు. వాడు నాకు చెప్పాడని నేను అప్పుడూ చెప్పలేదు, ఆయన పోయేదాకా ఎన్నడూ చెప్పలేదు.

ఆ రికార్డును ఎక్కించిన క్యాసెట్టు నా బట్టల పెట్టెలో ఉంది. విన్న ఒకరిద్దరూ, పద్దెనిమిది మంది ఎంత శుభ్రంగా ఆగారో అని మెచ్చుకున్నారు.

ఇప్పుడు మా సందులో పెళ్ళంటే ఒక లారీ, దాని మీద గోడంత స్పీకరు డబ్బాలు, ఒక్కడు మీట నొక్కితే కిటికీలు అదురుతాయి. ఊదే మనిషి ఎక్కడా లేడు. నిన్న నువ్వు ఫోనులో ఏదో చెబుతూ, కంప్యూటర్లో కోసింది ఎక్కడికీ పోదు నానమ్మా, వెనక్కి నొక్కితే మళ్ళీ వచ్చేస్తుంది అన్నావు. మంచిదే తల్లీ. మా రోజుల్లో కోసింది కోసినట్టే పోయేది. ఆ చివరి ఊపిరి ఎంతసేపు నిలిచిందో విన్నవాళ్ళలో ఇక మిగిలింది నేను ఒక్కదాన్నే, నాకేమో ఈ మధ్య ఎడమ చెవి బొత్తిగా వినబడడం లేదు.