అన్నయ్య పెట్టిన గంధం బొట్టు

మా బృందం ఒక నవలను సంగీత నాటకంగా మలిచింది. పాటలు నావి. బాణీలు, హార్మోనియం మా అన్నయ్యవి. ఆయన పోయిన రెండు నెలలకు పొన్నూరులో ప్రదర్శన. హార్మోనియం శ్రుతి ఇస్తేనే తెర వెనుక ప్రార్థన మొదలవుతుంది. అందరూ అలవాటుగా ఆయన ఖాళీ కుర్చీ వైపు చూస్తూ నిలబడిపోయారు.

"జనం ఈలలేస్తున్నారమ్మాయ్, నువ్వే శ్రుతి పట్టాలి," అన్నారు దర్శకుడుగారు.

ఇంట్లో అన్నయ్య నేర్పిందే నా సంగీతం. చేతికి అలవాటైన హార్మోనియం మెట్టు నొక్కాను.

"అక్కా, అది నువ్వు పూజలో పాడుకునే శ్రుతి! మా గొంతులు చీలిపోవూ?" అన్నాడు కథానాయకుడు.

అప్పుడు కనిపించింది. నాటకం శ్రుతి మెట్టు మీద అన్నయ్య ప్రతిసారీ పెట్టే గంధం బొట్టు, ఎండిపోయి. దాన్నే నొక్కాను. అందరూ గొంతు కలిపారు. నాకు ఏడుపు కూడా రాలేదు.

దేవుడి దయవల్ల నాటకం సాగింది. ఇప్పటికీ రోజూ హార్మోనియం తుడుస్తాను, ఆ ఒక్క మెట్టు తప్ప.