చిన్నమ్మలు చుట్ట మానిన రోజులు

అనకాపల్లి బెల్లం మార్కెట్లో దిమ్మలు పేర్చే ఆడవాళ్ళలో చిన్నమ్మలును ఎరగని వాళ్ళు లేరు. ఆ గుర్తింపు కొంత ఆమె పని చురుకువల్ల వచ్చింది, కొంత నోటి దురుసువల్ల. మిగతాదంతా చుట్టవల్ల. ఆమె కాల్చేది అడ్డచుట్ట. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని, పెదాలు బిగించి, లోపల్లోపలే పొగ పీల్చుకోవాలి. కొత్తవాళ్ళు చూసి గుండె పట్టుకుంటారు గాని, ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఆమె వయసు ఆడవాళ్ళకు అదేమంత వింత కాదు.

నాతవరం దగ్గర పల్లెలో పుట్టింది చిన్నమ్మలు. చిన్నతనంలో ఒకసారి ఊడ్పుల్లో పంటిపోటుతో ఏడుస్తుంటే వాళ్ళమ్మ తన నోట్లో చుట్ట తీసి కూతురి నోట్లో పెట్టింది. చేతులు బురదలో ఉన్నా, జల్లు పడుతున్నా, నోట్లో నిప్పు ఆరదు. పంటిపోటు ఆ సాయంత్రానికే తగ్గింది. చుట్ట మాత్రం పెళ్ళితోపాటు అనకాపల్లి వచ్చింది, కొడుకును కన్నప్పుడూ ఉంది, వాడికి పెళ్ళై గంగాభవాని కోడలిగా వచ్చేనాటికీ ఉంది.

పోయిన కార్తీకంలో వాళ్ళ వీధి బడిలో పళ్ళ డాక్టర్లు శిబిరం పెట్టారు. పన్ను పీకించుకుందామని వెళ్ళింది చిన్నమ్మలు. బిందుమాధవి అనే చిన్నవయసు డాక్టరు టార్చి వేసి చూసి, పన్ను సంగతి వదిలేసి అంగిలివైపే చూస్తూ ఉండిపోయింది. తర్వాత విశాఖపట్నం రమ్మంది. అక్కడ అంగిట్లోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం తెలుసుకోవడానికి అత్తాకోడళ్ళు మళ్ళీ బస్సెక్కి వెళ్ళారు.

డాక్టరు గంగాభవానితో మాట్లాడింది. ఇంకా కేన్సరు కాలేదని, చుట్ట ఆపకపోతే అవ్వచ్చని, ఆపితే చాలావరకు నయం కావచ్చని వివరంగా చెప్పింది. చివర గొంతు తగ్గించి, "ఈ వయసులో పూర్తిగా మానడం వాళ్ళవల్ల కాదులెండి. కనీసం తగ్గించమని చెప్పండి" అంది.

చిన్నమ్మలు పక్క కుర్చీలోనే ఉంది. చెవులు బాగానే ఉన్నాయి.

"నోరు నాదమ్మా," అంది. "నాతో సెప్పు. నావల్ల కాదని నీకెవులు సెప్పేరు?"

గంగాభవాని అత్త మోచెయ్యి పట్టుకుంది. డాక్టరు కుర్చీ ఇటు జరుపుకుని, తప్పైపోయిందమ్మా అని, చిన్న అద్దం ఒకటి నోట్లో పెట్టి, ఇంకొకటి చేతికిచ్చి చూసుకోమంది. చిన్నమ్మలు తన నోటి పైభాగం చూసుకోవడం అదే మొదలు. సున్నం పెచ్చులు కట్టిన పాతగోడలా తెల్లగా ఉంది. మధ్యమధ్య ఎర్రటి చుక్కలు. భయం మొహంలో కనపడనివ్వలేదు. మొదటి రోజులు తల పగిలిపోతుందని, కోపం వస్తుందని, మరీ తట్టుకోలేకపోతే మందులున్నాయి రమ్మని డాక్టరు చెబుతుంటే అన్నీ విని, తలూపి, లేచింది.

బస్సు దిగి ఇంటికి నడుస్తూ, నడుముకు దోపుకున్న చుట్టల పొట్లం తీసి మురిక్కాలవలో పడేసింది. అది తేలుతూ పోతుంటే అక్కడే నిలబడి మునిగేదాకా చూసింది.

మొగుడు సన్యాసిరావు రైసుమిల్లు దగ్గర కాపలా పని చేస్తాడు. అతనూ చుట్ట మనిషే, అయితే మామూలుగా కాలుస్తాడు. విషయం విని పడీపడీ నవ్వాడు. మర్నాడు పొద్దున్నకల్లా టీకొట్టు దగ్గర అందరికీ చెప్పేశాడు. వారం గడవదని ఒకరు, పండగ దాకా అని ఒకరు పందేలు కాశారు. ఇంటికొచ్చి అతనే ఒక ఉపాయం చెప్పాడు: నూకాలమ్మ తల్లి గుడికి పోయి ఒట్టు వేసిరమ్మని, అప్పుడైనా భయానికి మానుతుందని.

"తల్లి మీద ఒట్టేసి మానితే గొప్ప తల్లిదవుద్ది," అంది చిన్నమ్మలు. "మానతన్నది నాను. తల్లికి వేరే పన్లున్నాయి."

అన్నంత తేలికగా లేదు. తెల్లారి లేచేసరికి తల దిమ్మెక్కిపోయింది. నోట్లో నీళ్ళు ఊరుతూనే ఉన్నాయి. చుట్ట లేకపోతే దొడ్డికి కూడా రాలేదు. చేతులు వాటంతటవే నడుము దగ్గరికి వెళ్ళి, పొట్లం లేని చోట తడుముకుని వస్తున్నాయి. గంగాభవాని చెంబు కిందపెట్టిన చప్పుడుకు కోపం, పక్కింటి వాళ్ళ టీవీకి కోపం, ఎండకు కోపం. వేయించిన చింతగింజలు బుగ్గన పెట్టుకుని నములుతూ తిట్టింది, నమలకుండానూ తిట్టింది. గంగాభవాని ఓపిగ్గా మజ్జిగ కలిపిస్తే, ఇదేమైనా చుట్టా అని విసుక్కుని, తర్వాత తాగింది. డాక్టరు దగ్గరికి పోదామా అత్తా అని కోడలు అడిగినప్పుడల్లా వద్దంది. వెళితే, నేను అనలేదా అన్నట్టు ఆ డాక్టరు పిల్ల ఒక్క చూపు చూసినా తాను భరించలేదు.

మొగుడు వాకిట్లో కూర్చుని చుట్ట వెలిగించినప్పుడు మాత్రం తిట్లతో సరిపెట్టకుండా వెళ్ళి, అతన్ని మంచంతో సహా వీధి గుమ్మం బయటికి లాగింది. అతను మంచం మీద కూర్చునే ఉన్నాడు. వీధిలో జనం చూస్తుండగా, తల దించుకుని, అక్కడే పూర్తి చేసి లోపలికొచ్చాడు. తర్వాత నుంచి తనే బయటికి పోయేవాడు.

మార్కెట్లో అసలు చిక్కు మరొకటి వచ్చింది. పదకొండింటి వేళ పని కాస్త ఆగినప్పుడు ఆడవాళ్ళంతా గోడవార కూర్చుని చుట్టలు వెలిగిస్తారు. చుట్ట అయ్యేదాకా ఎవరూ లేపరు. అది ఎవరో ఇచ్చిన సెలవు కాదు, ఎవరూ కాదనేదీ కాదు. చిన్నమ్మలు వాళ్ళకు దూరంగా పారిపోవాలనుకోలేదు. రోజూ కూర్చునే చోటే, అప్పలకొండమ్మ పక్కనే కూర్చుంది. పొగ మొహానికి కొడుతుంటే గొంతు లాగేస్తోంది. కళ్ళు మూసుకుని ఊపిరి బిగబట్టింది.

మేస్త్రి త్రినాధరావు అటుగా వచ్చి, ఖాళీగానే ఉన్నావు కదా, ఆ వ్యాను దగ్గర దిమ్మలు దించెయ్యి అన్నాడు. చిన్నమ్మలు లేవబోయింది. సగం లేచాక అర్థమైంది. ఇన్నేళ్ళుగా తన కాళ్ళకు దొరికిన ఆ కాస్త విశ్రాంతి చుట్ట పేరు మీదే దొరికింది. చుట్ట పోతే అదీ పోతుందన్నమాట. మళ్ళీ కూర్చుంది.

"ఈళ్ళ సుట్టలయ్యేదాకా కూకుంతాను," అంది.

"నువ్వు కాల్చట్లేదు కదే."

"సుట్ట మానేసేను బాబూ, కూకోడం మాన్లేదు."

అప్పలకొండమ్మ నోట్లో చుట్టతోనే నవ్వబోయి దగ్గింది. త్రినాధరావు నిలబడి చూశాడు. వరసలో ఉన్న ఆడవాళ్ళందరూ అతన్నే చూస్తున్నారు. ఏదో గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. చిన్నమ్మలు కాళ్ళు బారచాపుకుంది. ఆ రోజంతా చుట్ట మీద ధ్యాస కొంచెం తక్కువగా ఉంది.

అలా నెట్టుకొస్తుండగా రావికమతంలో పిన్ని పోయింది. వాళ్ళమ్మ తర్వాత అమ్మంతటిది. పెద్దకర్మ రోజు భోజనాలయ్యాక షామియానా కింద ఆడవాళ్ళు చేరి పిన్ని సంగతులు చెప్పుకుంటూ చుట్టలు తీశారు. పిన్ని ఎలా నవ్వేది, ఎలా కాల్చేది, నోట్లో నిప్పుతోనే ఎలా పాడేది. చిన్నమ్మలుకు ఏడుపు ఆగలేదు. పిన్ని కూతురు ఒక చుట్ట ఆమె చేతిలో పెట్టింది. చిన్నమ్మలు దాన్ని చూసింది. వెలిగించింది. నిప్పున్న కొస లోపలికి తిప్పుకుని, చివరిదాకా కాల్చింది. ఎంత బాగుందో ఆమెకే తెలుసు. తలలో ఇన్నాళ్ళ బిగుతు ఒక్కసారి సడలింది. అయిపోయాక అంగిలి భగ్గున మండింది.

వెంట వచ్చిన గంగాభవాని తిరుగు బస్సులో మొహం కిటికీ వైపు తిప్పుకుని కూర్చుంది. అదే చిన్నమ్మలును ఎక్కువ కోసింది. దాచుకోవాలనిపించింది. మీ మావకు చెప్పొద్దే అని కోడలి చెయ్యి పట్టుకోబోయి, ఆగిపోయింది. తప్పు చేసినట్టు దొంగచూపులు చూసుకుంటూ బతికితే, ఆ చూపులు భరించలేకే రేపు ఇంకోటి వెలిగిస్తుంది. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు.

ఇంట్లో అడుగుపెడుతూనే మొగుడికి తనే చెప్పింది. సన్యాసిరావు మొహం వెలిగిపోయింది. అనుకున్నదే కదా అన్నాడు. ఇక ఆ గోలంతా మానేసి మనిషిలా ఉండమన్నాడు.

"ఒకటి కాల్చేను మావా," అంది చిన్నమ్మలు. "మా పిన్ని కోసం కాల్చేననను, నాకే కావాలనిపించి కాల్చేను. అయిపోయింది. ఇప్పుడు మల్లీ మానతన్నాను. రేపు కాలిస్తే ఎల్లుండి మల్లీ మానతాను. పందెం కాసినోల్లకి సెప్పుకో."

మర్నాడు మార్కెట్లో అప్పలకొండమ్మకూ, మిగతావాళ్ళకూ కూడా దాచకుండా చెప్పింది. ఎవరూ నవ్వలేదు. ఒకామె, ఏళ్ళక్రితం తానూ మానబోయి, ఒకటి కాల్చానన్న సిగ్గుతో పూర్తిగా మళ్ళీ మొదలెట్టానని నెమ్మదిగా అంది. మళ్ళీ మానొచ్చని తనకు తోచలేదట. ఆ సాయంత్రం చిన్నమ్మలు కోడలిని పిలిచి, డాక్టరు దగ్గరికి పోదాం పదమంది. ఒంటరిగా గింజుకోవడంలో గొప్పేమీ లేదని ఆమెకు రావికమతంలోనే అర్థమైంది.

బిందుమాధవి ఈసారి నేరుగా ఆమెతోనే మాట్లాడింది. కాల్చిన సంగతి విని మొహం చిట్లించలేదు. కోరిక పుట్టినప్పుడు వేసుకోవడానికి మందులు రాసిచ్చింది, ఏ వేళలో ఎక్కువ లాగుతుందో అడిగి తెలుసుకుంది. మళ్ళీ శివరాత్రి దాటాక చూసినప్పుడు ఎర్రచుక్కలు తగ్గాయంది. తెలుపు ఇంకా ఉందని, ఏళ్ళ తరబడి చూపించుకుంటూ ఉండాలని కూడా చెప్పింది. చిన్నమ్మలు అద్దం అడిగి తీసుకుని తనే చూసుకుంది. వస్తాను, చూపించుకుంటాను అంది.

చుట్ట మీద కోరిక పూర్తిగా పోలేదు. వాన చినుకు పడితే ఇప్పటికీ నోరు ఊరుతుంది. కాకపోతే ఇంకో మార్పు వచ్చింది. ఒక మధ్యాహ్నం తను వండిన ఎండుచేపల పులుసు తనే తినలేకపోయింది. ఉప్పుకషాయం. ఇదేంటని కోడలిని అడిగితే, నువ్వెప్పుడూ ఇంతే వేస్తావత్తా అంది గంగాభవాని. నిప్పుకు మొద్దుబారిన నాలుకతో ఇన్నేళ్ళూ అదే సరిపోయిందనుకుంది. ఇంటిల్లిపాదీ కిమ్మనకుండా తిన్నారు.

మర్నాడు చెయ్యి తగ్గించి వండింది. వంకాయ కూర. మొదటి ముద్దకే వంకాయ రుచి తెలిసి, అలాగే కాసేపు నమిలింది. సన్యాసిరావు రెండు ముద్దలు తిని, కూర చప్పగా ఉందన్నాడు.

చిన్నమ్మలు తల ఎత్తలేదు. ఉప్పు డబ్బా అతని కంచం వైపు తోసింది.

"నీకు చాలకపోతే ఏసుకో," అంది. "నాకు సరిపోయింది."