లిన్ అన్న వదిలేసిన బంతి

లిన్ కో షెంగ్ గారు మరి లేరన్న వార్త నాకు ఏ.ఎస్. రావు నగర్ కూరగాయల బజారులో తెలిసింది. పొద్దున తొమ్మిది దాటింది. ఫోన్ చేసింది ఆయన కూతురు మీనా. "అంకుల్, నాన్న నిద్రలోనే పోయాడు" అంది. "సరేనమ్మా, వస్తున్న" అన్నాను. ఫోన్ జేబులో పెట్టుకుని, అప్పటికే తూకం వేయించిన సొరకాయను సంచిలో వేసుకుని, అలవాటు ప్రకారం కొత్తిమీర కొసరు అడిగి తీసుకుని ఇంటికి నడిచాను. ఆత్మీయుల మరణవార్త విని దిగ్భ్రాంతి చెందామని రాయడం ఆనవాయితీ. నాకు దిగ్భ్రాంతి కలగలేదు, దుఃఖమూ రాలేదు. సొరకాయ ఫ్రిజ్‌లో పెట్టి, మా ఆవిడతో "లిన్ అన్న పోయిండంట" అని చెప్పి, కుర్చీలో కూర్చుని చాలాసేపు నా చేతుల వంక చూసుకున్నాను. పన్నెండేళ్లు గోల్‌కీపింగ్ చేసిన చేతులు ఇవి. రెండు వేళ్లు ఇప్పటికీ పూర్తిగా వంగవు.

అంత్యక్రియలు అయిన మూడో రోజు మీనా నన్ను పక్కకు పిలిచింది. సంస్మరణ సభకు ఒక చిన్న సంచిక వేస్తున్నారట. నాన్న గురించి నేనే రాయాలట. "ఆ ఫైనల్ గురించి కూడా రాయండి అంకుల్. నాన్నని ఎప్పుడడిగినా నవ్వి ఊరుకునేవాడు. గ్రౌండ్‌లో ఇప్పటికీ కొందరు, మీ నాన్న ఆ మ్యాచ్ అమ్ముకున్నాడు అంటారు. మొన్న శ్మశానంలో కూడా ఎవరో మెల్లగా అన్నారు, నేను విన్నా. ఆ రోజు కీపర్ మీరే కదా. ఏం జరిగిందో మీకు తెలుసు."

తెలుసు. అందుకే ఈ వ్యాసం రాయడానికి నాకు పది రోజులు పట్టింది.

ఈ తరం పాఠకులకు ఆయనను పరిచయం చేయాలి. లిన్ అన్న తాతగారు చైనాలోని హుబే ప్రాంతం నుంచి కలకత్తా మీదుగా సికింద్రాబాద్ చేరి, పళ్ల వైద్యంతో ఇక్కడే స్థిరపడ్డారు. తండ్రిదీ అదే వృత్తి. ఇంట్లో చైనా భాష, బయట ఉర్దూ, గల్లీలో తెలుగు. పుట్టుక, పెరుగుదల, పెళ్లి, చావు అన్నీ ఈ ఊళ్లోనే అయినా, ఆయనను జీవితాంతం 'చీనా భాయ్' అనే పిలిచారు. చైనాతో యుద్ధం వచ్చినప్పుడు ఆయనకు ఏడేళ్లు. కొంతకాలం తండ్రి ఠాణాకు వెళ్లి, ఊళ్లోనే ఉన్నానని సంతకం పెట్టి రావాల్సి వచ్చేది. చెయ్యి పట్టుకుని ఆయన కూడా వెళ్లేవాడు. "బెంచీ మీద కూసునేటోణ్ణి. మా నాయనను ఎవ్వరూ తిట్టలే. ఊకె చూసేటోళ్లు. గా చూపు నాకు యాదికుంది" అని ఒకసారి చెప్పాడు. ఆ ఒక్కసారే చెప్పాడు.

పళ్ల డాక్టరు కావాల్సిన వాడు ఫుట్‌బాల్ ఆటగాడయ్యాడు. కలకత్తాలో ఒక పెద్ద క్లబ్బు ఆయనను జీతం మీద తీసుకుంది. అక్కడ మూడేళ్లు స్టాపర్ బ్యాక్‌గా, అంటే గోల్ ముందు నిలబడే ఆఖరి డిఫెండర్‌గా ఆడాడు. తండ్రికి పక్షవాతం వచ్చిందని తెలియగానే ఆ వైభవాన్ని వదులుకుని తిరిగివచ్చి, మా డిపార్ట్‌మెంట్ జట్టులో చేరాడు. అప్పటికి నేను మల్కాజ్‌గిరి నుంచి లోకల్ రైల్లో ప్రాక్టీసుకు వచ్చే కొత్త కీపర్ని. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం, ఇంకా పర్మినెంట్ కాలేదు.

ఆయన డిఫెన్స్ చూడముచ్చటగా ఉండేది. మొరం నేల మీద అందరూ జారి కాళ్లు చీరుకునేవారు. ఆయన మాత్రం నేల మీద పడేవాడు కాదు. ఫార్వర్డ్ ఎంత ఊరించినా తొందరపడకుండా వెనక్కి వెనక్కి నడిచేవాడు. చివరికి ఆ ఫార్వర్డుకే విసుగొచ్చి బంతిని ఒక అడుగు ఎక్కువ తోసేవాడు. అంతే, బంతి లిన్ అన్న కాలికింద ఉండేది. "పడ్డోడు లేచేలోపు బాల్ గోల్‌ల ఉంటది. నిలబడు. వాడే తప్పు చేస్తడు" అనేవాడు. ఆ మాటను మేము వెక్కిరింపుగా ఆఫీసులో కూడా వాడుకునేవాళ్లం. పెద్దసారు కేకలేస్తుంటే, "నిలబడు, వాడే తప్పు చేస్తడు" అని ఒకరి చెవిలో ఒకరం అనుకునేవాళ్లం.

ఒక సంఘటన చెప్పాలి. ఒక లీగ్ మ్యాచ్‌లో బంతి కోసం ఇద్దరూ గాల్లోకి ఎగిరినప్పుడు, ఆయన తల తగిలి అవతలి జట్టు ఫార్వర్డ్ ముందుపన్ను ఊడిపోయింది. జనం గొడవకు దిగారు. లిన్ అన్న ఎవరినీ పట్టించుకోకుండా మోకాళ్ల మీద కూర్చుని మొరంలో వెతికి పన్ను పట్టుకున్నాడు. చాయ్ బండి దగ్గర గ్లాసుడు పాలు అడిగి, పన్ను పాడవకుండా అందులో వేశాడు. బూట్లు కూడా విప్పకుండా ఆ ఫార్వర్డ్‌ని ఆటోలో తండ్రి దగ్గరికి తీసుకెళ్లాడు. పెద్దాయనకు ఒక చెయ్యి సరిగ్గా ఆడదు. ఆయన చెబుతుంటే కొడుకు చేశాడు. పన్ను మళ్లీ చిగుళ్లలో నిలబడింది. ఆ ఫార్వర్డ్ మొన్న శ్మశానానికి వచ్చాడు. తాతయ్యాడు. నా దగ్గరికొచ్చి పెదవి ఎత్తి ఆ పన్ను చూపించాడు.

ఇప్పుడు మా జట్టు నియమం ఒకటి చెప్పాలి. దాన్ని పెట్టింది లిన్ అన్నే. ఎత్తున వచ్చే బంతికి కీపర్ "కీపర్" అని ఒక్క కేక వేస్తే, ఆ బంతి కీపర్‌ది. డిఫెండర్ వెంటనే పక్కకు తప్పుకోవాలి, వెనక్కి తిరిగి చూడకూడదు. నేను కొత్తలో అడిగాను, ఒకసారి చూసుకుంటే ఏం పోయింది అని. "చూస్తే నమ్మనట్టే గదరా. నువ్వు పిలిచినవ్ అంటే పట్టినట్టే" అన్నాడు. మూడేళ్లు అలాగే ఆడాం. నేను ఎన్నిసార్లు పిలిచానో లెక్కలేదు. ఆయన ఒక్కసారీ చూడలేదు.

ఆ ఫైనల్‌కు కలకత్తా క్లబ్బు మనిషి వచ్చి స్టాండ్‌లో కూర్చున్నాడు. లిన్ అన్నను మళ్లీ తీసుకోవాలని వచ్చాడు. ఆ సంగతి మా అందరికీ తెలుసు. ఆట చివరి నిమిషాలు, స్కోరు సమానం. అవతలి నుంచి ఒక పొడవాటి బంతి ఎత్తుగా వచ్చింది. లిన్ అన్న సరిగ్గా దాని కింద నిలబడి ఉన్నాడు. తలతో కొడితే సగం మైదానం దాటేది. నేను "కీపర్" అని పిలిచాను. ఆయన తప్పుకున్నాడు.

పిలిచిన తర్వాత నాకు భయం వేసింది. అవతలి ఫార్వర్డ్ దున్నపోతులా దూసుకొస్తున్నాడు. రెండడుగులు వేసి ఆగిపోయాను. బంతి నాకూ లిన్ అన్నకూ మధ్య నేల మీద పడి లేచింది. ఫార్వర్డ్ వచ్చి మెల్లగా లోపలికి తోశాడు. జనం గోలలో నా కేక మూడు గజాల దూరంలో ఉన్న లిన్ అన్నకు తప్ప ఎవరికీ వినపడలేదు. స్టాండ్‌లో ఉన్నవాళ్లకు కనిపించింది ఒక్కటే. తలకందిన బంతిని స్టాపర్ కావాలని వదిలేశాడు.

మరునాడు విచారణ జరిగింది. పెద్దసారు నన్నే ముందు అడిగాడు, "నువ్వు పిలిచినవా?" అని. నా పక్కనే లిన్ అన్న నిలబడి ఉన్నాడు. నా ఉద్యోగం పర్మినెంట్ కావడానికి ఇంకా నాలుగు నెలలుంది. ఇంట్లో అమ్మ, ఇద్దరు చెల్లెళ్లు. ఇవన్నీ నిజమే, కాని సాకులు. "లేదు సార్" అన్నాను. పెద్దసారు లిన్ అన్న వైపు తిరిగి, "ఏమయ్యా, మీవాళ్లను నమ్మొద్దని అందరూ అంటుంటే నేను వినలే" అన్నాడు. అప్పుడు లిన్ అన్న నా వంక చూడలేదు. "బాల్ నాది సార్. నేనే తీయాల్సింది" అన్నాడు.

కలకత్తా మనిషి ఆ సాయంత్రమే వెళ్లిపోయాడు. అన్నను జట్టు నుంచి తీసేసి స్టోర్స్ విభాగంలో వేశారు. ఆయన ఆట అక్కడితో ముగిసింది. నా ఉద్యోగం పర్మినెంట్ అయింది.

తర్వాత ఆయన నా పెళ్లికి వచ్చాడు. మా అమ్మకు కట్టుడు పళ్లు చేయించాడు. రిటైరయ్యి యాప్రాల్‌లో ఇల్లు కట్టుకున్నాక, ప్రతి ఆదివారం నన్ను భోజనానికి పిలిచేవాడు. పిలిస్తే వెళ్లేవాణ్ణి. దారిపొడుగునా చెప్పాలనుకునేవాణ్ణి. వాళ్ల గేటు దగ్గరికి రాగానే ఆ మాట మింగేసేవాణ్ణి. ఆయన నా మోకాళ్ల నొప్పుల గురించి అడిగేవాడు, నేను ఆయన షుగర్ గురించి అడిగేవాణ్ణి. ముప్పై ఏళ్లకు పైగా ఇలాంటివే మాట్లాడుకున్నాం.

కాబట్టి మీనా అడిగినదానికి జవాబు ఇది. మీ నాన్న మ్యాచ్ అమ్ముకోలేదమ్మా. నేను పిలిచాను, ఆయన నమ్మాడు. అబద్ధం చెప్పింది నేను. ఇది చదివినవారు ఇకపై నన్ను ఏమన్నా పడతాను. ఆయనను అన్నవారు మాత్రం ఆ మాట వెనక్కి తీసుకోవాలి.

ఇంతవరకు రాసి, అచ్చుకు ఇచ్చే ముందు నిన్న ఈ కాగితాలు యాప్రాల్ తీసుకెళ్లాను. మీనా ఆఫీసుకు వెళ్లింది. వదిన ఒక్కతే ఉంది. ఆమెది విజయనగరం వైపు. నలభై ఏళ్లుగా ఇక్కడున్నా ఆ యాస పూర్తిగా పోలేదు. కాగితాలు ఆమెకివ్వడానికి ధైర్యం చాలక, నేనే చదివి వినిపించాను. ఆమె చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వింది. అయిపోయాక కూడా చేతులు ఆపలేదు.

"నాకు తెలుసు యాదగిరీ. ఆ సాయంత్రమే చెప్పాడు" అంది.

నేను కాగితాలు మడిచి ఒళ్లో పెట్టుకున్నాను.

"నేను కోపంతో ఊగిపోయాను. వాడిని ఇంటికి రానివ్వను అన్నాను. మీ అన్నేమో, వాడే చెప్తాడు, టైమియ్యి అన్నాడు. సరే అన్నాను. నీ పెళ్లయినప్పుడు చెప్తావనుకున్నాం. రిటైరయ్యాక చెప్తావనుకున్నాం. ప్రతి ఆదివారం నిన్ను గేటు దాకా పంపించొచ్చి, చెప్పులు విడుస్తూ 'ఇయాల సుత చెప్పలే' అనేవాడు. చివరి ఆదివారం కూడా అన్నాడు."

"వదినా, మరి నన్ను అడగొచ్చు గదా" అన్నాను. అలా అన్నందుకు ఇప్పుడు సిగ్గుగా ఉంది.

"అడిగితే నువ్వు చెప్పినట్టు అవదన్నాడు" అంది. తర్వాత లేచి, "అన్నం తినేసి వెళ్లు, అయిపోయింది వంట" అంది.

మహనీయులకు నివాళి అర్పించేటప్పుడు వారి లోటు తీరనిదని రాస్తారు. నా సంగతి వేరు. ఆయన బతికున్నన్నాళ్లూ తీర్చగలిగిన లోటునే నేను తీర్చలేదు. సభలో ఈ కాగితాలు నేనే నిలబడి చదువుతాను. ఆయన పాదాలకు నా నమస్కారం ఇంతకన్నా మరో విధంగా పెట్టలేను.

అన్నం తిన్నాను. రుచి తెలియలేదు. వదిన గేటు దాకా వచ్చి నన్ను సాగనంపింది. నాలుగడుగులు వేశాక వెనకాల గేటు గడియ పెట్టిన చప్పుడు వినిపించింది. ఇవాళ చెప్పాడు అని లోపలికి వెళ్లి చెప్పడానికి ఆమెకు మనిషి లేడు.