చెరువుకు చుట్టాలొచ్చినారు

శింగనమలలో జమాల్ సాబ్ చేత గడ్డం గీయించుకోనివాళ్ళు తక్కువ. చలికాలంలో ఆయన చేత ఒకే విడతలో రెండు చెంపలూ గీయించుకున్నవాళ్ళు మాత్రం అసలే లేరు. చెరువులోకి పరదేశపు పక్షులు దిగాయంటే చాలు, గిరాకీ మొహం సగంలో ఉన్నా సరే, కత్తి బల్ల మీద పెట్టి చెరువు కట్టెక్కేవాడు. ఒక్కడే పోతే సరిపోయేది. కుర్చీలో ఉన్నవాణ్ణి మెడకు కట్టిన గుడ్డతో సహా లేవదీసి వెంటబెట్టుకుని పోయేవాడు.

ఆయన కటింగు షాపుకు ఆనుకునే నా టైలరు షాపు. మధ్యలో ఒక్క రేకు అడ్డం. అందుకని కత్తి చప్పుడు ఆగడం ఊరందరికన్నా ముందు నాకు తెలిసేది. వెంటనే "వచ్చినారప్పా" అనే మాట వినబడేది. పక్షుల్ని ఆయన ఏనాడూ "వచ్చినాయి" అనలేదు. మనుషుల్ని అన్నట్టే అనేవాడు.

నేను ఈ ఊళ్ళో షాపు పెట్టిన కొత్తలో నాకూ ఆ యోగం పట్టింది. ఒక చెంప నున్నగా, ఒక చెంప నురగతో కట్ట మీద నిలబడ్డాను. తల మీద రెండు నల్లచారలున్న బాతులు నీళ్ళలో బారులు తీరి ఉన్నాయి. అదే సమయానికి కట్ట పక్కన రోడ్డు మీద అనంతపురం బస్సు పోయింది. అందులో ఉన్న నా భార్య గంగాదేవి నన్ను చూసింది. పక్క సీటామె ఆ మనిషెవరని అడిగితే, ఏమో తెలీదని చెప్పిందట. ఇంటికొచ్చాక ఆమే చెప్పింది. 

ముత్యాలప్ప కొడుకు ఆంజికి జరిగింది ఇంకా ఘోరం. తన పెళ్ళికే పోతూ గడ్డం గీయించుకోవడానికి కూర్చున్నాడు. కుడి చెంప అయ్యేసరికి బాతులు దిగాయి. పెళ్ళివాళ్ళు జీపులో కూర్చుని ఎదురుచూసి, చివరికి వెతుక్కుంటూ కట్ట మీదికి వచ్చారు. ముత్యాలప్ప గొంతెత్తి తిట్టబోతే, పక్షులు బెదురుతాయని జమాల్ సాబ్ వేలు పెదవుల మీద పెట్టాడట. అంత కోపంలోనూ ముత్యాలప్ప గుసగుసగానే తిట్టాడు. కదిలే జీపులో ఎడమ చెంప గీసి, ముహూర్తానికి పిల్లవాణ్ణి అందించారు.

పక్షుల సంగతి ఆయనకు అంతా తెలుసా అంటే, అదీ లేదు. నీళ్ళలో దిగిన ప్రతిదీ ఆయన లెక్కలో రష్యా బాతే. ఒకసారి మెడలో దుర్భిణీ వేసుకుని వచ్చిన పట్నం ఆయన, ఇవి మంగోలియా వైపు నుంచి హిమాలయాలు దాటి వస్తాయని ఓపిగ్గా చెప్పాడు. జమాల్ సాబ్ చేతులు కట్టుకుని అంతా విన్నాడు. మర్నాడు షాపులో అందరికీ ఇలా చెప్పాడు: "మంగోలియాలో జరుగుబాటు లేక రష్యాకు పోయినారంటప్పా. ఆడ గూడా పని దొరక్క ఈడికొచ్చినారంట, పాపం."

ఇక ఒక ఏడాది వానలు లేవు. చెరువు ఎండి నెర్రెలు విచ్చింది. తూము దగ్గర మేకలు మేస్తున్నాయి. చలికాలం వచ్చినా, పిచ్చుకకు కూడా గొంతు తడవని చెరువులోకి బాతులెందుకు వస్తాయి? జమాల్ సాబ్ గిరాకీలు మొదటిసారి రెండు చెంపలతో ఇంటికి పోతారని అందరం అనుకున్నాం.

ఒకనాటి మధ్యాహ్నం కత్తి చప్పుడు ఆగింది. "వచ్చినారప్పా" అని వినబడింది.

నేను నిర్ఘాంతపోయి బయటికొచ్చాను. జమాల్ సాబ్ ముందు నడుస్తున్నాడు. వెనకాల పక్కపల్లె రైతు ఓబన్న, మెడకు తెల్లగుడ్డ, సగం మొహాన నురగతో నడుస్తున్నాడు. బెంచీ మీద కాచుకున్నవాళ్ళు సాబుకు మతి చెడిందని నవ్వారు. నేనూ అదే అనుకుంటున్నాను. అంతలో ఆయన భార్య షాజాదీ వెనకింట్లోంచి వచ్చింది. నా చేతిలో టీ ఫ్లాస్కూ, రెండు గ్లాసులూ పెట్టి, కట్ట మీద ఇచ్చి రమ్మంది. ఆడ ఏమీ అడగొద్దని కూడా చెప్పింది. అది విన్నాక మతి ఎవరికి చెడిందో నాకు అర్థం కాలేదు.

ఇద్దరూ కట్ట మీద ఎండిన చెరువుకు ఎదురుగా కూర్చుని ఉన్నారు. ఓబన్న మాట్లాడుతున్నాడు. మూడో బోరు కూడా ఎండిందనీ, శెనక్కాయ చెట్టు పీకితే వేళ్ళకు మట్టి తప్ప కాయ లేదనీ, పెళ్ళాం మారెక్క మొహం చూడలేకున్నాననీ చెబుతున్నాడు. జమాల్ సాబ్ ఊ కొడుతున్నాడు. టీ తాగి ఓబన్న చెరువు వంక చూశాడు.

"యాడప్పా పక్షులు?"

"దోవలో ఉండారు," అన్నాడు జమాల్ సాబ్.

గ్లాసులు నాకిచ్చే నెపంతో ఆయన నాతో నాలుగడుగులు పక్కకొచ్చాడు. షాజాదీ వద్దన్నా నేను ఆగలేక, ఇదేం పని సాబూ అని అడిగేశాను. ఆయన గొంతు తగ్గించాడు.

"కుర్చీలో కూర్చోని ఏమన్నాడో తెలుసునా? నున్నగా గీకు సాబూ, ఇంగ మళ్ళ నీతో పని పడదు అన్నాడు. నా చెయ్యి ఆడ్నే నిలబడిపోయ. సగం గడ్డంతో మనిషి ఇంటికి పోలేడు, ఇంగో చోటికీ పోలేడు. ఈడ్నే కూర్చోపెడ్తామని తోడుకొచ్చినా."

నేను తిరిగి ఓబన్న వంక చూశాను.  తర్వాత, ఇన్నేళ్ళూ ఇట్లాగే చేశావా అని అడిగాను.

"లే. శానాసార్లు పక్షులు నిజంగానే వచ్చినారు," అని, మారెక్కను వెంటనే తీసుకురమ్మని నన్ను తరిమాడు.

మోటారు సైకిలు మీద పోయి ఆమెను తీసుకొచ్చాను. దారిలోనే సంగతి చెప్పాను.  ఆమె కట్టెక్కి, మొగుడి మొహాన ఎండిపోయిన నురగ చూసి, కొంగుతో తుడిచి పక్కన కూర్చుంది. నేనూ జమాల్ సాబూ దూరంగా వచ్చేశాం. ఓబన్న తల వంచుకుని ఏమో చెప్పాడు. ఆమె కళ్ళు తుడుచుకుంది, తిట్టింది, మళ్ళీ తుడుచుకుంది. బోరు పోతే పోనీ, నువ్వు పోతే నేను ఎవరితో కొట్లాడల్ల అని ఆమె అడగడం మాత్రం మాకు వినబడింది.

పొద్దు వాలుతుండగా నలుగురం షాపుకొచ్చాం. ఓబన్న మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు. జమాల్ సాబ్ కొత్తగా నురగ పూసి, కత్తి అందుకున్నాడు. గుమ్మంలో నిలబడ్డ మారెక్క ఆయన్ను ఆగమంది.

"ఇట్లే ఉండనీ సాబూ. నాలుగు దినాలు ఈయప్ప యాడికీ పోకుండా ఇంట్లోనే పడుంటాడు."

ఓబన్న భుజాలు కదిలాయి. నేను అదిరిపడి చూశాను. నవ్వుతున్నాడు. నవ్వితే చెంప కదులుతుందనీ, కత్తికి తెగుతుందనీ జమాల్ సాబ్ కసిరాడు. ఓబన్న ఆపుకోలేక ఇంకా నవ్వాడు. ఆ నవ్వు ఆగేదాకా జమాల్ సాబ్, కత్తి గాల్లో పట్టుకుని, తొందరేమీ లేనివాడిలా నిలబడి ఉన్నాడు.